సోమశిల నీళ్ళ లెక్కలో మన ఊరి మాట ఎక్కాలంటే ఏం చెయ్యాల

మాది నెల్లూరు జిల్లా, పెన్నా మీద ఉండే సోమశిల రిజర్వాయరు నీళ్ళొచ్చే కావలి కాలువ కింద చివరి ఆయకట్టు, అంటే కాలువ చిట్టచివర పారే భూములు. చివరి ఆయకట్టు అంటే ఏందో ఆ ఊళ్ళల్లో పుట్టినోళ్ళకి చెప్పక్కర్లా, నారు పోసుకోని రాత్రిళ్ళు టార్చిలైటు పెట్టుకోని కాలువ గట్టు మీద కూర్చోవడం, పైనోళ్ళు తూము దించితే గానీ మన తూముకి నీళ్ళు ఎక్కకపోవడం, అదంతా చిన్నప్పట్నుంచి చూస్తా ఉండేదే.

నాలుగేళ్ళ కింద ఒక రబీలో పైరు పొట్ట మీద ఉన్నప్పుడు నీళ్ళు తగ్గిపోయినాయి. మా నాన్న, నేను, ఇంకో పదిమంది కలిసి ఇరిగేషన్ ఆఫీసుకి పోయినాం. ఆడ ఉన్న ఇంజనీరు కసురుకోలేదు, మర్యాదగానే అడిగినాడు. ఏ తూము? ఎన్నో కిలోమీటరు? ఎప్పట్నుంచి తగ్గినాయి? అంతకుముందు ఎంత వచ్చేది, ఇప్పుడెంత వస్తుంది? మా పదిమందిలో ఒక్కరి దగ్గరా జవాబు లేదు. "అసలు రావట్లేదు సార్" అనే మాట తప్ప. ఆయన రాసుకున్నాడు, మేం ఇంటికొచ్చినాం, ఆ ఏడు మా తూము కింద సగం చేలు తాలు పోయినాయి.

ఆ రోజు నాకు అర్థమైంది ఒకటే. నీళ్ళు వదిలినాక గట్టు మీద అరిచే అరుపుకి పెద్ద విలువ లేదు, వదలకముందు లెక్క కట్టే రోజు ఒకటి ఉంటుంది, ఆ రోజు మన ఊరి లెక్క కాగితం మీద ఆడ ఉండాల. అది ఎట్టా చెయ్యాలో, మేం నాలుగేళ్ళుగా చేస్తా నేర్చుకున్నది ఈడ రాస్తుండా. డెల్టా వాళ్ళకి ఒక రకంగా, ఉదయగిరి కనిగిరి మార్కాపురం మెట్ట వాళ్ళకి ఇంకో రకంగా పనికొస్తది.

ముందు ఎవరు యాడ తేలుస్తారో తెలుసుకోండి

నెల్లూరు జిల్లాలో రబీకి ఎన్ని ఎకరాలకి నీళ్ళియ్యాలి, ఏ తేదీ నుంచి వదలాలి అనేది నీటిపారుదల సలహా మండలి మీటింగులో తేలుస్తారు, అందరూ ఐఏబీ మీటింగు అంటారు. కలెక్టరు అధ్యక్షత, మంత్రులు ఎమ్మెల్యేలు వస్తారు, ఇరిగేషన్ వ్యవసాయ శాఖల వాళ్ళు, రైతుల తరఫున నీటి సంఘాల వాళ్ళు ఉంటారు. మామూలుగా అక్టోబర్ నవంబర్‌లలో జరుగుద్ది. సోమశిలలో నీళ్ళు మిగిలితే రబీ తర్వాత వేసే ఎడగారు పైరుకి మళ్ళీ ఒకసారి కూర్చుంటారు. పేపర్లో మర్నాడు వార్త చూసి మాట్లాడుకునేది ఈ మీటింగు గురించే, కానీ అప్పటికి అయిపోయి ఉంటది.

ఈ మీటింగుకి ముందే ఏఈలు డీఈలు, అంటే ఇరిగేషన్ ఇంజనీర్లు, కింద నుంచి ఆయకట్టు వివరాలు తెప్పించుకుంటారు. అసలు పని జరిగేది ఆ పదిహేను ఇరవై రోజుల్లోనే. మన కాగితం అప్పుడు పోవాల.

తూము దగ్గర ఒక కర్ర, ఇంట్లో ఒక నోటుబుక్కు

ఇదే అన్నిటికన్నా ముఖ్యం, అందుకని కాస్త వివరంగా చెప్తా.

మీ పంట కాలువ మొదలయ్యే చోట, తూముకి కాస్త కిందగా, కాలువ నేరుగా ఉన్న చోట చూసి ఒక గట్టి కర్ర నాటండి. మేం పాత జీఐ పైపు ముక్క పాతినాం. దానికి అర అడుగుకొక ఎర్ర పెయింటు గీత. పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి గీత ఎంతలో ఉందో చూసి రాయాల, తేదీ టైము పక్కన. రోజూ ఒకరే పోలేరు కాబట్టి ఎవరు చేలోకి పోతుంటే వాళ్ళే చూసి వాట్సాప్‌లో ఫోటో పెడతారు, పక్కింటి పిల్ల ఇంటర్ చదువుతుంది, ఆ పాప బుక్కులోకి ఎక్కిస్తుంది.

వారానికొకసారి పారే నీళ్ళు కొలవండి. దానికి మిషన్లేం వద్దు. గట్టు వెంబడి 30 అడుగులు టేపుతో కొలిచి రెండు చివర్లా రెండు పుల్లలు గుచ్చండి. పై పుల్ల దగ్గర ఎండుపుల్ల ఏదైనా నీళ్ళల్లో వేసి కింది పుల్ల దాటేదాకా ఫోన్లో సెకండ్లు చూడండి. మూడుసార్లు చేసి సగటు తియ్యండి. మా కాలువ నీళ్ళున్న మేర సగటున 6 అడుగుల వెడల్పు, అడుగున్నర లోతు, అంటే 9 చదరపు అడుగులు. పుల్లకి 20 సెకండ్లు పట్టింది, అంటే సెకనుకి అడుగున్నర. పైన నీళ్ళు అడుగున ఉన్న నీళ్ళకన్నా జోరుగా పోతాయి కాబట్టి దాన్ని 0.85తో గుణించాల, 1.27 వస్తది. తొమ్మిదితో గుణిస్తే పదకొండున్నర క్యూసెక్కులు దగ్గర దగ్గర. క్యూసెక్కంటే సెకనుకి ఒక ఘనపుటడుగు నీళ్ళు.

ఒక క్యూసెక్కు రోజంతా పారితే దాదాపు రెండెకరాల్లో అడుగు లోతు నీళ్ళు నిలుస్తాయి. ఇది గుర్తుపెట్టుకోండి, ఆఫీసులో అన్నిటికన్నా పనికొచ్చే మాట ఇదే. నీళ్ళు రావట్లేదు అనకుండా, "జనవరి 10 దాకా పదకొండున్నర వచ్చింది సార్, 11 నుంచి నాలుగు దాటడం లేదు, ఆ నాలుగుతో మా తూము కింద పైరుకి తడి అందేది ఇంతవరకే" అని బుక్కు తెరిచి చూపిస్తే కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్న మనిషి ముందుకి వంగుతాడు. మేం కళ్ళారా చూసినాం. బుక్కు చూపించిన ఏడు మర్నాడే లష్కరుని, అంటే కాలువ కాపలా చూసే మనిషిని, పంపించినారు, పైన ఒక చోట గుర్రపుడెక్క పేరుకుపోయి నీళ్ళు పక్కకి దూకుతున్నాయని తేలింది. ఎవరూ దొంగతనం చెయ్యలేదు. బుక్కు లేకపోయుంటే పైఊరోళ్ళతో కొట్లాట పెట్టుకునేవాళ్ళం, నిజంగా.

టీఎంసీల మాట విని బెదిరిపోవద్దు

మీటింగులో అంతా టీఎంసీల్లోనే మాట్లాడతారు. సోమశిల కెపాసిటీ 78 టీఎంసీలు, కండలేరు 68. ఈ రెండు నిండినాయంటే జిల్లాకంతా ధీమా. కానీ ఉన్న నీళ్ళన్నీ మన చేలకే కాదు. 1983 ఒప్పందం ప్రకారం తెలుగుగంగ కింద చెన్నై తాగునీళ్ళకి 15 టీఎంసీలు, దారిలో ఆవిరయ్యేది ఇంకేది పోను సరిహద్దు దగ్గర 12 ఇయ్యాల. మన తాగునీళ్ళకి తియ్యాల, డెడ్ స్టోరేజీ, అంటే తూములకి అందకుండా అడుగున ఉండిపోయే నీళ్ళు, వదలాల. మిగిలిందే పైర్లకి.

ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. ఎకరా అంటే 43,560 చదరపు అడుగులు. దమ్ము నుంచి కోతల దాకా వరికి మొత్తం నాలుగడుగుల నీళ్ళు అనుకుంటే ఎకరాకి 1,74,240 ఘనపుటడుగులు. భాగిస్తే టీఎంసీకి 5,700 ఎకరాలు చిల్లర వస్తది, కాలువల్లో పోయేది కాక. ఈ లెక్క తెలిస్తే ఎవరన్నా లేచి టీఎంసీకి పదివేల ఎకరాల వరి పండిస్తామంటే అది ఆరుతడి పైరు లెక్క గదన్నా అని అడగొచ్చు. పెన్నా డెల్టా ఒక్కటే దాదాపు రెండున్నర లక్షల ఎకరాలు. 1855లో నెల్లూరు ఆనకట్ట కట్టినప్పట్నుంచి పారతా ఉండే భూములవి, 2022 సెప్టెంబర్‌లో సంగం బ్యారేజీ, నెల్లూరు బ్యారేజీ రెండూ ప్రారంభించినాక కాలువల తలకాయ దగ్గర ఇబ్బంది తగ్గింది, కానీ బ్యారేజీ దగ్గర నీళ్ళు నిలిచినంత మాత్రాన చివరి తూముకి ఎక్కవు, మధ్యలో ఉండే పూడిక, విరిగిన షట్టర్లు, గండ్లు ఎవరు రాసిపెడితే వాళ్ళవే బాగవుతాయి.

నీటి సంఘం రిజిస్టర్లో మీ పేరుందా

1997లో వచ్చిన రైతుల సాగునీటి యాజమాన్య చట్టం మన రాష్ట్రంలో ఉంది. దాని కింద నీటి వినియోగదారుల సంఘం, దానిపైన డిస్ట్రిబ్యూటరీ కమిటీ, ఆపైన ప్రాజెక్టు కమిటీ. చాలా ఏళ్ళు ఎన్నికలు లేకుండా పడున్నాయి, 2024 డిసెంబర్‌లో మళ్ళీ పెట్టినారు. చాలా ఊళ్ళల్లో ఏకగ్రీవం అనుకోని సరిపెట్టుకున్నారు, నా ఉద్దేశంలో అది మంచిది కాదు, ఎవరైనా ఉండనీ గానీ ఎన్నుకునే రోజు ఊరంతా కూర్చోని నీ పదవీకాలంలో ఏ తూము బాగుచేస్తావని అడిగి ఎన్నుకోవాల.

సరే, సంఘం చెయ్యాల్సిన పనులు చట్టంలోనే ఉన్నాయి. సీజను సీజనుకీ వంతులు వేసుకోవడం, రిపేర్ల ప్లాన్ తయారుచేయడం, పంటల ప్లాను, నీళ్ళ లెక్క, ఆయకట్టుదారుల రిజిస్టరు, సర్వసభ్య సమావేశం, లెక్కల ఆడిట్. వీటిల్లో ఏది జరగకపోయినా అడిగే హక్కు సభ్యుడికి ఉంది. మీరు చెయ్యాల్సింది ఏందంటే రిజిస్టరు చూపించమని అడగండి. మీ సర్వే నంబరు, విస్తీర్ణం, ఏ తూము కింద అనేది సరిగ్గా ఉందా లేదా చూసుకోండి. నాన్న చనిపోయి ఐదేళ్ళైనా ఆయన పేరే ఉండే ఇళ్ళు సగం ఉంటాయి.

కౌలు రైతుల సంగతి ప్రత్యేకంగా చెప్పాల. మన డెల్టాలో మడక పట్టేది చాలావరకు కౌలుదారులే, ఓనరు నెల్లూర్లోనో బెంగుళూర్లోనో ఉంటాడు. ఒకే భూమికి ఓనరూ కౌలుదారూ ఇద్దరూ ఉంటే సంఘంలో సభ్యుడిగా కౌలుదారునే లెక్కలోకి తీసుకోవాలని ఆ చట్టమే చెప్తుంది. కౌలు కార్డు ఉంటే జిరాక్సు పెట్టి రిజిస్టర్లోకి ఎక్కించమని రాతపూర్వకంగా అడగండి. కార్డు లేకపోతే ఈ-క్రాప్‌లో, అంటే సర్కారు పంట నమోదులో, మీ పేరు మీద నమోదైన కాగితమన్నా జతచెయ్యండి. ఓనర్లు భయపడతారు, భూమి పోతుందేమో అని, కౌలు కార్డుతో భూమి హక్కు రాదని 2019 చట్టం చెప్తుందని వాళ్ళకి నిదానంగా చెప్పి ఒప్పించుకోవాల.

మీటింగుకి ముందు, మీటింగులో

సెప్టెంబర్ చివర్లో ఊళ్ళో రచ్చబండ దగ్గర కూర్చోండి. ఎవరు ఎన్ని ఎకరాలు ఏ రకం వేస్తారో రాయండి. నూట ఇరవై రోజుల రకమా, నూట నలభైయ్యా అనేది నీళ్ళ లెక్కలో చాలా తేడా తెస్తది, అందరూ ఒకే వారంలో నారు పోసుకుంటే చివర్లో ఒకళ్ళిద్దరి కోసం కాలువ పారించే గోల ఉండదు. పుట్లు ఎక్కువొస్తాయని ఎక్కువ రోజుల రకం వేసేవాళ్ళని బలవంతం చెయ్యక్కర్లా, కానీ చివరి తడి ఎప్పుడు కావాలో ఆ తేదీ రాసుకోవాల.

తర్వాత ఒక పేజీ అర్జీ. ఒక పేజీ మించొద్దు. మూడు కాపీలు, ఒకటి ఏఈకి, ఒకటి సోమవారం కలెక్టరేట్లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో, ఒకటి మీ ప్రాజెక్టు కమిటీ చైర్మన్‌కి లేదా ఎమ్మెల్యేకి. వేదికలో ఇస్తే రసీదు నంబరు ఇస్తారు, దాన్ని ఫోటో తీసి గ్రూపులో పెట్టండి. కలెక్టరేటుకి పోలేనోళ్ళు 1100కి ఫోన్ చేసి కూడా నమోదు చెయ్యొచ్చు.

మీటింగు హాల్లోకి రైతులందర్నీ రానియ్యకపోవచ్చు. అందుకని లోపలికి పోయే మన ప్రతినిధి చేతిలో మన పేజీ ఉండాల, ముందురోజే ఆయన ఇంటికి పోయి అయిదు నిమిషాలు కూర్చోని చదివి వినిపించండి. "అన్నా, ఇదొక్కటి మినిట్స్‌లో రాయించు" అని అడగండి. మినిట్స్ అంటే మీటింగులో తేలినవి రాసిపెట్టే కాగితం, ఆ మాట తప్పకుండా అనాల. హాల్లో చప్పట్ల మధ్య ఇచ్చిన హామీ ఏప్రిల్‌కి ఎవరికీ గుర్తుండదు, మినిట్స్‌లో ఎక్కింది ఉంటది.

మెట్ట ఊళ్ళ వాళ్ళు చేయాల్సింది వేరే

కాలువే లేని ఊళ్ళల్లో ప్లానింగ్ అంటే భూమి కింద నీళ్ళ లెక్క. ఇది ప్రకాశం వాళ్ళకి కొత్త కాదు. 2000 తర్వాత ఏపీఎఫ్ఏఎంజీఎస్ అని, రైతులే భూగర్భజలాల లెక్క చూసుకునే ఒక ప్రాజెక్టు ఉమ్మడి రాష్ట్రంలో ఏడు జిల్లాల్లో నడిచింది, అందులో ప్రకాశం ఒకటి. రైతులే, అందులో ఆడవాళ్ళు కూడా, వానమాపకంలో వాన చూసి, బోర్లల్లో నీటిమట్టం కొలిచి, రబీకి ముందు ఊరంతా కూర్చోని పంటల నీటి బడ్జెట్ వేసుకునేవాళ్ళు. ఎవరూ ఎవరినీ వరి వెయ్యొద్దని శాసించలేదు, లెక్క గోడ మీద రాసి పెట్టినారు, జనం తమంతట తామే పైర్లు మార్చుకున్నారు. అది మళ్ళీ మొదలుపెట్టుకోవడానికి ఏ ప్రాజెక్టూ రానక్కర్లా.

లెక్క ఇట్టా వెయ్యండి. ఎకరాలో ఒక మిల్లీమీటరు వాన పడితే 4,047 లీటర్లు. మీ ఊరి విస్తీర్ణం వెయ్యి ఎకరాలు, ఏడాదికి 600 మిల్లీమీటర్ల వాన అనుకుందాం. దాదాపు 243 కోట్ల లీటర్లు. వినడానికి సముద్రం లాగుంది. కానీ మన రాతి నేలల్లో అందులో భూమిలోకి దిగేది పదో వంతు అటూ ఇటూ, అంటే 24 కోట్లు. ఎకరా వరికి పైన చెప్పిన నాలుగడుగుల లెక్కన 49 లక్షల లీటర్లు కావాల. భాగించండి, 49 ఎకరాలు. వెయ్యి ఎకరాల ఊరికి ఏడాది వానంతా కలిసి బోర్ల కింద 49 ఎకరాల వరి మాత్రమే, అది కూడా తాగేదానికి గొడ్లకి ఒక్క చుక్క తియ్యకుండా. అదే అరమీటరు నీళ్ళతో సరిపెట్టుకునే పైరైతే 120 ఎకరాలు. ఈ రెండు అంకెలు సచివాలయం గోడ మీద పెద్దక్షరాలతో రాయించండి, కొత్త బోరు వేద్దామని రిగ్గుకి ఫోన్ చేసే ముందు మనిషి ఒక నిమిషం ఆగుతాడు. కొత్త బోరుకి వాల్టా చట్టం (నీళ్ళు, భూమి, చెట్ల చట్టం) కింద అనుమతి ఉండాలన్న సంగతి కూడా దాని కిందే రాయండి.

బోరు మట్టం కొలవడానికి తాడుకి చిన్న బరువు కట్టి, మోటారు ఆపి రాత్రంతా ఉంచి పొద్దున్నే దించండి. మే చివర్లో ఒకసారి, నవంబర్ చివర్లో ఒకసారి కొలిస్తే వానకి ఎంత లేచిందో తెలిసిపోతది. ఊరికి నాలుగు బోర్లు చాలు, ఎప్పుడూ అవే బోర్లు.

ఈ అంకెలతో గ్రామసభకి పోండి. చెరువు పూడిక, వాగు మీద చెక్‌డ్యామ్, కలుజు (చెరువు నిండినాక నీళ్ళు పొర్లిపోయే చోటు) రిపేరు, సప్లై చానల్ అన్నీ గ్రామసభ తీర్మానంలో ఎక్కితేనే ప్లానులోకి పోతాయి. సప్లై చానల్ మర్చిపోవద్దు, చెరువు తవ్వి ఫోటోలు దిగుతాం గానీ దానికి నీళ్ళు తెచ్చే వాగు కబ్జాలో ఉంటే ఎంత తవ్వినా గుంటే.

వెలిగొండ కింద వచ్చే ఊళ్ళు మాత్రం ఇంకో పని కూడా చూసుకోవాల. శ్రీశైలం వరద నుంచి 43.5 టీఎంసీలు రెండు సొరంగాల్లో తెచ్చి నల్లమల సాగర్ నింపి నాలుగున్నర లక్షల ఎకరాల దాకా పారించాలని 1996లో శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు అది. సొరంగం ఎప్పుడు పూర్తయిద్దని అడిగేవాళ్ళు వేలమంది, మా ఊరి పొలాలకి పిల్లకాలువ ఏ సర్వే నంబర్ల గుండా పోద్ది, ఏ గట్టు ఎత్తులో ఉంది, ఎవరి చేను కాలువకన్నా మెరకలో పడుద్ది అని అడిగేవాళ్ళు తక్కువ. అలైన్‌మెంటు మ్యాపు గీసేటప్పుడే చూడమని అడగండి, కాంక్రీటు పోసినాక మార్చరు.

తాగే నీళ్ళ కమిటీ

దీన్ని చిన్నగా చూడొద్దు, కనిగిరి వైపు ఫ్లోరైడ్‌తో నడుములు వంగిపోయిన మనుషుల్ని చూసినోళ్ళకి తెలుసు. జల్ జీవన్ మిషన్ కింద ప్రతి ఊరికీ నీళ్ళు పారిశుధ్యం కమిటీ ఉండాల, పది పదిహేను మంది, అందులో సగం ఆడవాళ్ళు. మనిషికి రోజుకి 55 లీటర్లు లక్ష్యం. ఊళ్ళో అయిదుగురు ఆడవాళ్ళకి నీళ్ళ టెస్టు కిట్ ట్రైనింగ్ ఇయ్యాల. అక్కయ్యలు, ఆ కిట్ మీ సచివాలయంలో అట్టపెట్టెలో ఉందేమో అడిగి బయటికి తీయించండి. ఫ్లోరైడ్ లీటరుకి ఒక మిల్లీగ్రాము లోపు ఉంటే మేలు, వేరే గతి లేకపోతే ఒకటిన్నర దాకా, అది దాటితే వంటకి కూడా వద్దు. రాసిన అంకె తేదీతో సహా గ్రామసభలో చదవండి.

ఫ్యాక్టరీ, పోర్టు, పెద్ద ప్రాజెక్టు వచ్చినప్పుడు

సముద్రం పక్క మండలాల వాళ్ళకి ఇది ఎప్పుడైనా అవసరం పడుద్ది. 2006 నోటిఫికేషన్ ప్రకారం పర్యావరణ అనుమతి కావాల్సిన చాలా ప్రాజెక్టులకి ప్రజాభిప్రాయ సేకరణ పెట్టాల. కనీసం 30 రోజుల ముందు పేపర్లో ప్రకటన, కలెక్టరేట్లో జిల్లా పరిషత్తులో పర్యావరణ ప్రభావ రిపోర్టు కాపీ, తెలుగులో సారాంశం. ఆ సారాంశంలో మీరు చూడాల్సిన మాటలు మూడే. రోజుకి ఎన్ని నీళ్ళు, యాడ్నుంచి, వాడిన నీళ్ళు యాడికి. ఆ రోజు మాట్లాడలేనోళ్ళు ముందే రాసి ఇవ్వొచ్చు, దానికీ అంతే విలువ. కోరం అని ఏం ఉండదు, పదిమందే వచ్చినా జరుగుద్ది, కాబట్టి పోకపోతే ఆగిపోద్దిలే అనుకోని ఇంట్లో ఉండొద్దు. అంతా వీడియో తీస్తారు, చివర్లో ఎవరేం మాట్లాడినారో తెలుగులో చదివి వినిపించాల, అప్పటిదాకా కదలొద్దు. మీ మాట అందులో రాకపోతే అక్కడే లేచి చెప్పండి.

అయిపోయినాక

మినిట్స్ కాపీ అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు, మండలం స్థాయి ఆఫీసుకి 5 రూపాయలు, జిల్లా స్థాయికి 10, తెల్లకార్డు ఉంటే ఏం కట్టక్కర్లా. 30 రోజుల్లో జవాబు రావాల, రాకపోతే ఇంకో 30 రోజుల్లోపు అదే శాఖలో పై అధికారికి మొదటి అప్పీలు. ప్రశ్న ఎందుకు అని అడగొద్దు, కాగితం అడగండి. "మా కాలువ రిపేర్లు ఎందుకు చెయ్యలేదు" అంటే ఏదో ఒకటి రాస్తారు, "ఫలానా సంవత్సరం ఫలానా కాలువకి మంజూరైన పనుల జాబితా, అంచనా, చెల్లించిన మొత్తం, ఎం-బుక్ కాపీ" అంటే కాగితమే ఇయ్యాల. ఎం-బుక్ అంటే చేసిన పని కొలతలు రాసే పుస్తకం. రిపేర్ల మాట చిన్నది కాదు, 2022 ఆగస్టులో గుండ్లకమ్మ ప్రాజెక్టు గేటు కొట్టుకుపోయి ఎన్ని నీళ్ళు సముద్రంలో కలిసినాయో ప్రకాశం వాళ్ళకి చెప్పక్కర్లా.

పోయినసారి మేం ఇచ్చిన అర్జీ కింద పెడుతుండా, ఖాళీల్లో మీవి రాసుకోని వాడుకోండి.

"గౌరవనీయులైన కలెక్టరు గారికి. ......... మండలం ......... గ్రామం, ......... కాలువ, ......... కిలోమీటరు, ......... నంబరు తూము కింద ......... ఎకరాల ఆయకట్టు రైతులం, కౌలుదారులం రాసుకున్న అర్జీ. గత రబీలో రోజువారీ నీటిమట్టం, వారం వారం ప్రవాహం మేం కొలిచిన వివరం జతచేశాం. ......... తేదీ నుంచి ......... తేదీ దాకా రావాల్సిన దాంట్లో సగం కూడా రాలేదు. కారణం ......... దగ్గర షట్టరు, ......... దగ్గర పూడిక. ఈ రెండు పనులు నీళ్ళు వదలకముందే చేయించాలని, ఈ రబీలో మేమందరం ......... రోజుల రకమే వేస్తున్నాం కనుక చివరి తడి ......... తేదీన ఇవ్వాలని, ఈ విషయం సలహా మండలి మీటింగు మినిట్స్‌లో రాయించాలని కోరుతున్నాం. సంతకాలు, సర్వే నంబర్లతో."